మ్యూజిషియన్స్ యూనియన్ కార్డు తీసుకోవాలా? నిజంగా దేనికి పనికొస్తుంది?

నాలుగుతీగలు (ప్రశ్న)

హైదరాబాద్‌లో వయొలిన్ వాయిస్తాను. సినిమా, సీరియల్ రికార్డింగులు ఒకవైపు, పెళ్లి రిసెప్షన్లు, స్టేజి షోలు ఇంకోవైపు. ఈమధ్య ఇంట్లోనే రికార్డు చేసి ఫైళ్లు పంపే పని కూడా తోడైంది. ఇప్పటిదాకా యూనియన్ కార్డు లేదు. తీసుకోమని కొందరు, డబ్బు దండగ అని కొందరు. ప్రవేశ రుసుము నాకు చిన్న మొత్తమేమీ కాదు, అందుకే తెలిసినవాళ్లని అడుగుతున్నాను.

కార్డు ఉంటే పని ఎక్కువ వస్తుందా? ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసే సొసైటీ) చేరితే యూనియన్‌తో పనే లేదంటున్నారు, నిజమేనా? పేమెంట్ ఆలస్యమైతే యూనియన్ ఏం చేయగలదు? డబ్బు కట్టే ముందు ఆఫీసులో ఏమేం అడగాలి? చేరమనో వద్దనో ఒక్క ముక్కలో తేల్చకుండా కారణాలు కూడా చెప్పండి.

బీజీఎం గది

తమ్ముడూ, కార్డు పని తెచ్చిపెట్టదు. పిలిచేది సంగీత దర్శకుడు, ఆయన తరఫున కోఆర్డినేటర్. వాళ్లు చూసేది శ్రుతి, నొటేషన్ చూడగానే వాయించగలగడం, క్లిక్ (చెవిలో వినిపించే తాళం చప్పుడు) మీద నిలకడ, టైముకి రావడం. కార్డు ఉపయోగం పిలుపు వచ్చాక మొదలవుతుంది. ఎంత ఇస్తారు, ఎన్ని గంటలకి, ఎప్పుడిస్తారు, ఇవ్వకపోతే ఎవరు అడుగుతారు, ఇవన్నీ నువ్వొక్కడివే తేల్చుకోవాలా, వెనక పదిమంది ఉన్నారా అన్నదే తేడా.

ఒక వయొలిన్ సెక్షన్‌కి ఎనిమిది మందిని పిలిచారనుకో. ఎవరికి వారు రేటు మాట్లాడుకుంటే, అందరికన్నా తక్కువకి ఒప్పుకున్నవాడి రేటే మర్నాటికి అందరి రేటవుతుంది. యూనియన్ రేటు కార్డు ఆపేది దాన్నే. అది కనీస రేటు. సోలో వాయించేవాళ్లు అంతకన్నా ఎక్కువ అడిగితే ఏ యూనియనూ అడ్డురాదు.

రేటు కార్డులో పైనున్న అంకె ఒక్కటే చూసి వచ్చేయకు. కాల్షీట్ (ఒక విడత పని) అంటే ఎన్ని గంటలు? లెక్క మొదలయ్యేది పిలిచిన టైము నుంచా, మొదటి టేక్ నుంచా? లోపల కంప్యూటర్‌లో ట్రాక్ తయారుచేసే ప్రోగ్రామింగ్ తేలక మిమ్మల్ని రెండు గంటలు బయట కూర్చోబెడితే ఆ రెండు గంటలు ఎవరి ఖాతాలోకి వెళ్తాయి? గంటలు దాటితే అదనం ఎలా కడతారు? వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) కూడా అందుకోమంటే రెండో వాద్యానికి వేరే డబ్బుందా? ముందురోజు రాత్రి రద్దు చేస్తే ఏమైనా ఇస్తారా? గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి.

అన్నిటికన్నా పెద్దది ఓవర్‌డబ్. ఇద్దరు వయొలిన్లను పిలిచి, కుర్చీలు జరిపి, మైకు దూరం మార్చి, ఒకే లైను ఆరుసార్లు వాయిస్తే పన్నెండు మంది సెక్షన్ తయారవుతుంది. వినేవాడికి పన్నెండు మంది, బిల్లులో మాత్రం ఇద్దరే. పదిమందికి ఆ రోజు పని పోయింది, మిగిలిన ఇద్దరి చేతుల మీద ఆరింతల శ్రమ పడింది. ఓవర్‌డబ్‌కి లెక్క రాయకపోతే కాల్షీట్ రేటు ఎంత పెంచినా ఆ పెంపు ఇక్కడే కారిపోతుంది. ఆ నిబంధన ఉందో లేదో మొదట అడుగు. లేకపోతే సభ్యుడివై జనరల్ బాడీలో పట్టుబట్టి పెట్టించాల్సింది అదే.

పేమెంట్ సంగతి. యూనియన్‌కి చెప్పుకున్నంత మాత్రాన డబ్బు రాదు. తేదీ, స్టూడియో, లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, ఏ సినిమా, ఎన్ని క్యూలు (వాయించిన సంగీతం ముక్కలు), ఎంత అనుకున్నారు, ఎవరు పిలిచారు, ఇవన్నీ కాగితం మీద ఉంటేనే ఆఫీసువాళ్లు నిర్మాతతో మాట్లాడగలరు. ఇంకొకటి, ఫిర్యాదుకి అదను ఉంటుంది. సినిమా విడుదలకి ముందు ఒక ఫోనుకి పలికే బలం, విడుదలయ్యాక పది ఉత్తరాలకి కూడా ఉండదు. మొహమాటంతో ఆగిపోయేవాళ్లు సరిగ్గా ఆ అదనే పోగొట్టుకుంటారు.

2025 ఆగస్టులో తెలుగు ఫిల్మ్ ఫెడరేషన్ (సినీ కార్మిక సంఘాల సమాఖ్య) సమ్మె చేశాక, రోజుకి రూ. 2,000 లోపు వేతనం ఉన్నవాళ్లకి మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెరిగేలా ఒప్పందం కుదిరింది. అది దినసరి వేతనాల లెక్క. మనది కాల్షీట్ లెక్క. కాబట్టి ‘ఫెడరేషన్ పెంచింది కదా’ అని ఊరుకోకుండా, మ్యూజిషియన్ల రేటు చివరిసారి ఎప్పుడు సవరించారు, దాని మీద నిర్మాతల వైపు సంతకం ఉందా అని అడిగి కాపీ తీసుకో. సంతకం లేని రేటు కార్డు మన కోరికల జాబితా మాత్రమే.

సెక్షన్ 38

ఐపీఆర్‌ఎస్ ప్రశ్నకి జవాబు నేను రాస్తాను. చాలామంది మూడు వేర్వేరు సంస్థల్ని ఒకటిగా కలిపేస్తున్నారు.

ఐపీఆర్‌ఎస్ పాట కట్టినవాళ్లకీ, రాసినవాళ్లకీ, వాళ్ల పబ్లిషర్లకీ. ఎవరో కట్టిన బాణీని మీరు వాయిస్తే అక్కడ మీకు వాటా లేదు. మీరు సొంతంగా బాణీ కట్టి విడుదల చేస్తే ఉంటుంది. గానం, వాదనం చేసినవాళ్ల హక్కు వేరు, దాన్ని ప్రదర్శకుల హక్కు అంటారు. దాని కోసం 2013లో గాయకుల సొసైటీగా ఇస్రా వచ్చింది, తర్వాత వాద్యకారుల్ని కూడా కలుపుకుని ఇసామ్రా అయింది. ఐపీఆర్‌ఎస్, ఇసామ్రా రెండూ రాయల్టీ వసూలు చేసి పంచే సొసైటీలు. కాల్షీట్ రేటు, ఓవర్‌టైము, బాకీ వసూలు వీటి పని కాదు, ఆ పని యూనియన్‌ది. ఒకటి ఉంటే ఇంకొకటి అక్కర్లేదన్న మాట తప్పు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, సెక్షన్ 38ఎ ప్రకారం మీ వాదనాన్ని సినిమాలో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక నిర్మాత వాడకానికి మీరు అడ్డుచెప్పలేరు, కానీ వ్యాపారపరంగా వాడితే రాయల్టీకి అర్హులు. ఈ హక్కు గడువు 50 ఏళ్లు, వాయించిన మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్క. 2025లో వాయించింది 2075 డిసెంబరు దాకా నడుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మన వాద్యకారులు ఎక్కువగా పడిపోయేది అక్కడే. సెక్షన్ 2(క్యూక్యూ)లో ‘ప్రదర్శకుడు’ అన్న నిర్వచనానికి ఒక మినహాయింపు రాశారు. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో ఆనుషంగికమో (ప్రధానం కానిదో) అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం క్రెడిట్స్‌తో సహా ఎక్కడా పేరు వేయరో, వారిని ప్రదర్శకులుగా చూడరు. వారికి మిగిలేది తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే నైతిక హక్కు ఒక్కటే. అంటే టైటిల్స్‌లో మీ పేరు పడటం గౌరవానికి మాత్రమే కాదు, ‘అతను వాయించినట్టు ఎక్కడా లేదే’ అని రేపు ఎవరూ అనకుండా ఉండే సాక్ష్యం. స్ట్రింగ్స్ (తీగ వాద్యాల) సెక్షన్‌లో ఇరవై మంది ఉంటే ఇరవై పేర్లూ వేయమని ఒక్క వయొలినిస్టు అడగలేడు. యూనియన్ అయితే అడగగలదు. ఆల్బమ్ వివరాల్లో, స్ట్రీమింగ్ యాప్‌ల క్రెడిట్స్‌లో పేర్లు చేర్చాలన్న షరతు ఒప్పందంలో ఉందో లేదో చూడండి.

సంతకం పెట్టే కాగితంలో ఇంకో మాట. హక్కుల బదిలీ నియమాలు ప్రదర్శకులకీ వర్తిస్తాయి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే లాయర్లు ‘శాశ్వతంగా, విశ్వమంతటా, ఇప్పుడున్న, ఇకమీదట రాబోయే అన్ని మాధ్యమాల్లో’ అని రాస్తారు. ఇంటినుంచి ఫైళ్లు పంపేవాళ్లు ఈ వాక్యం దగ్గర ఆగాలి. మీ విడి ట్రాక్ శాంపిల్ లైబ్రరీకీ (కంప్యూటర్‌లో వాడుకునే వాద్య ధ్వనుల నిల్వ), కృత్రిమ మేధకి శిక్షణకీ వెళ్లొచ్చని ఆ వాక్యమే ఒప్పేసుకుంటుంది. ‘ఈ చిత్రం, దాని పాటలు, ప్రచారానికి మాత్రమే, విడి ట్రాకులు వేరే పనికి వాడాలంటే కొత్త ఒప్పందం’ అని రెండు ముక్కలు చేర్చమనండి. ఈ వాక్యాన్ని యూనియన్ ఒక నమూనా ఒప్పందంలో పెట్టి సభ్యులందరికీ ఇస్తే, అడిగిన ప్రతి ఒక్కడూ విడిగా చెడ్డవాడు కానక్కర్లేదు.

నాలుగుతీగలు

ఇద్దరికీ ధన్యవాదాలు. పేరు, క్రెడిట్ సంగతి నాకు ఇంతవరకు తెలియదు. అన్నా, ఒక చిక్కుంది. డబ్బు మొత్తం కోఆర్డినేటర్ ఖాతాలో పడుతుంది, ఆయన మాకు పంచుతాడు. నిర్మాణ సంస్థతో నాకు నేరుగా కాగితమే ఉండదు. అలాంటప్పుడు యూనియన్ అయినా ఏం చేస్తుంది?

జమాఖర్చు

ఈ పద్ధతిలో నష్టం రెండు రకాలు. కోఆర్డినేటర్ పాన్ మీద టీడీఎస్ కోస్తారు, మీకొచ్చేది నగదో యూపీఐయో. మీ పేరున కోసిన టీడీఎస్ చూపే పన్ను పత్రంలో (26ఏఎస్) ఆ సినిమా ఊసే ఉండదు. ఆదాయం చూపించలేక లోను రాకపోవడం ఒకటి. ఆ సినిమాకి మీరు వాయించారన్న ఆధారం మీ చేతిలో లేకపోవడం రెండోది. పై జవాబులో చెప్పిన రాయల్టీ రేపు అడగాలన్నా ఆధారం కావాలి కదండి.

కాబట్టి యూనియన్‌లో ముందు అడగాల్సింది ఇది: నిర్మాత చెక్కు ఎవరి పేరున వస్తుంది? కొన్నిచోట్ల యూనియన్ ద్వారా, కొన్నిచోట్ల కోఆర్డినేటర్ ద్వారా, కొన్నిచోట్ల నేరుగా వస్తుంది. నేరుగా ఉంటే మంచిది. యూనియన్ ద్వారా అయితే ఎంత శాతం పట్టుకుంటారు, రసీదు మీ పేరున ఇస్తారా, టీడీఎస్ మీ పాన్‌కి జమవుతుందా అని చూసుకోండి.

యూనియన్ ఉన్నా లేకపోయినా చేసుకోవాల్సిన పని ఇంకోటి ఉంది. చిన్న సంస్థల నమోదు కోసం ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా, సేవల కింద నమోదు చేసుకోండి. ఆధార్, పాన్ చాలు, రుసుము లేదు. ఆ నంబరు ఇన్వాయిస్ మీద వేయండి. రాత ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలని ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇంకో పట్టు కూడా వచ్చింది. గడువు దాటి, మార్చి 31 లోపు కూడా ఇవ్వని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోలేడు. మార్చి దగ్గరపడేకొద్దీ ఈ మాట నిర్మాణ సంస్థ అకౌంటెంట్‌కి బాగా వినిపిస్తుంది. అయితే నమోదు పనికి ముందే అయి ఉండాలి, డబ్బు ఆగిపోయాక చేసుకుంటే పాత బాకీకి అక్కరకి రాదు. ఇన్వాయిస్ ఎవరి పేరున ఉందో వారినే అడగగలరు. కోఆర్డినేటర్ పేరున ఉంటే బాకీదారు ఆయనే అవుతాడు.

స్టేజి షోలకి జీఎస్టీ గురించి చాలామంది పొరబడతారు. శాస్త్రీయ, జానపద సంగీత ప్రదర్శనకి రూ. 1.5 లక్షల దాకా పారితోషికం మీద మినహాయింపు ఉంది. రిసెప్షన్‌లో సినిమా పాటలు వాయిస్తే ఆ మినహాయింపు రాదు. అయితే ఏడాదికి మొత్తం రాబడి రూ. 20 లక్షలు దాటనంతవరకు సేవలకి నమోదే అక్కర్లేదు కాబట్టి చిన్న బృందాలకి భయం లేదు.

పసిఫిక్ తీరం నుంచి

లాస్ ఏంజెలిస్‌లో పద్ధతి ఎలా ఉందో రాస్తాను. అచ్చంగా అదే అక్కడ పెట్టమని కాదు, అడగడానికి ఏమేం ఉన్నాయో తెలియడానికి.

ఇక్కడ మ్యూజిషియన్ల యూనియన్ ఏఎఫ్‌ఎం, 1896లో పుట్టింది. లాస్ ఏంజెలిస్ శాఖ లోకల్ 47, న్యూయార్క్ శాఖ లోకల్ 802. ఆల్బమ్ రికార్డింగ్ ఒప్పందంలో మామూలు సెషన్ 3 గంటలు, అందులో పూర్తయిన సంగీతం 15 నిమిషాలకి మించకూడదు. ఈ రెండో అంకె గమనించండి. గంటలకి హద్దు పెడితే ఆ గంటల్లోనే ఎక్కువ పిండుకుంటారు. నిమిషాలకీ హద్దు ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. పైన ఓవర్‌డబ్ గురించి రాసినాయన బాధకి మందు ఇలాంటిదే. రెండో వాద్యం పడితే అదనం, ఓవర్‌డబ్ చేస్తే అదనం, పింఛను నిధికి నిర్మాత కట్టే వాటా వేరు. సెషన్ అయ్యాక ఎవరు, ఏ వాద్యం, ఎన్ని గంటలు అని ఒక ఫారం నింపి యూనియన్‌కి పంపుతారు. తర్వాత వచ్చే డబ్బంతా ఆ ఫారం మీదే ఆధారపడుతుంది. అది దాఖలు కాకపోతే మీరు ఆ గదిలో లేనట్టే.

సినిమా అయితే థియేటర్ తర్వాత టీవీ, డిస్కులు వగైరా అమ్మకాల మీద నిర్మాతలు ఒక శాతం లెక్కన ఒక నిధికి కడతారు. 1972 నుంచి నడుస్తోంది. ఆ సినిమాకి మీరు సంపాదించిన దాని నిష్పత్తిలో ఏటా పంచుతారు, మీ తర్వాత వారసులకి కూడా. స్ట్రీమింగ్ కోసం తీసిన వాటికి ఇలాంటి వాటా 2024 ఒప్పందంలో వచ్చింది, కృత్రిమ మేధ మీద షరతులతో పాటు.

ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. రేడియోలూ, జూక్‌బాక్సులూ రికార్డులు వేసుకుంటూ మనుషుల్ని పిలవడం మానేస్తుంటే, 1942 ఆగస్టు 1న యూనియన్ అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో రికార్డింగులే ఆపించాడు. డెక్కా అనే రికార్డు కంపెనీ ఏడాదికి పైగా ఆగి 1943లో దిగివచ్చింది. కొలంబియా, ఆర్‌సీఏ విక్టర్ 1944 నవంబరు దాకా మొండికేశాయి. చివరికి అమ్మిన ప్రతి రికార్డు మీదా యూనియన్ నిధికి కొంత కట్టడానికి ఒప్పుకున్నాయి. యంత్రం వల్ల పని పోతుంటే యంత్రాన్ని ఆపలేకపోయినా, అది సంపాదించినదాంట్లో వాటా అడగొచ్చని తేలింది అక్కడే. ఈరోజు శాంపిల్ లైబ్రరీలతో స్ట్రింగ్స్ వేస్తున్నచోట ఆలోచించాల్సింది ఈ దారినే.

సభ్యత్వం లేకపోయినా దక్కేది ఒకటుంది. ఇక్కడి శాటిలైట్, ఇంటర్నెట్ రేడియో రాయల్టీలో ముఖ్య కళాకారులు కాని వాద్యకారులకి చట్టం ప్రకారం 2.5 శాతం. నిధి నడిపేది యూనియన్లే, అయినా సభ్యులు కానివాళ్లకీ ఇవ్వాల్సిందే. యూనియన్ సభ్యులకి మాత్రమే మేలు చేస్తుందనుకునేవాళ్లకి ఇది చెప్పండి.

అన్నట్టు, అమెరికాలో తెలుగు సంఘాల కచేరీలకి వచ్చేవాళ్లు పీ-3 వీసా (సంప్రదాయ కళాకారులకి ఇచ్చేది) దరఖాస్తుతో పాటు ఒక కార్మిక సంఘం అభిప్రాయ లేఖ జతచేయాలి. వాద్యకారులకి మామూలుగా ఏఎఫ్‌ఎం ఇస్తుంది. దానికి సభ్యత్వం అక్కర్లేదు, రుసుము కట్టాలి. నిర్వాహకులు దీన్ని ఆఖరి వారానికి వదిలేసి తిప్పలు పడుతుంటారు.

సెక్షన్ 38

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి మిగిలిపోయాయి. మొదటిది, అది ట్రేడ్ యూనియన్‌గా నమోదైందా, సొసైటీగానా? పేరులో యూనియన్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, నమోదు పత్రం చూడండి. ట్రేడ్ యూనియన్‌కి సమ్మె, బేరసారాల విషయంలో చట్టం ఇచ్చే రక్షణ సొసైటీకి ఉండదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. నియమావళి తెలుగులో ఉంటే ఇంటికి తెచ్చుకుని చదవండి. నిరుటి ఆడిట్ లెక్క చూపించమనండి. సంక్షేమ నిధిలో ఎంత ఉంది, ఆసుపత్రి ఖర్చుకి ఎంత ఇస్తారు, ఎన్నేళ్ల సభ్యత్వం తర్వాత ఇస్తారు? మూడేళ్లు ఆగాలంటే ఆ మూడేళ్లకి సొంతంగా ఆరోగ్య బీమా తీసుకోండి.

ఆడవాళ్లని చేర్చుకోం, ఇన్నేళ్లు స్థానికంగా ఉండాలి అని ఎవరైనా అంటే, 2014లో చారు ఖురానా కేసులో సుప్రీంకోర్టు ముంబయి మేకప్ కళాకారుల సంఘం పెట్టిన అలాంటి షరతులనే కొట్టేసిందని గుర్తుచేయండి. అలాగే ‘కార్డు లేకపోతే స్టూడియోలో అడుగుపెట్టనివ్వం’ అన్న మాటకి భయపడి చేరొద్దు. సభ్యుల్నే పెట్టుకోవాలని నిర్మాతల్ని కట్టడి చేయడం తప్పని హిందీ చిత్రసీమ సంఘాల విషయంలో కాంపిటిషన్ కమిషన్ 2017లోనే చెప్పింది. రేటు, క్రెడిట్, బాకీ, ఈ మూడింటి కోసం చేరండి.

బీజీఎం గది

కోఆర్డినేటర్ సంగతి అడిగావు కదా. ఆయన్ని నొప్పించకుండా కాగితం పుట్టించే మార్గం ఉంది. పిలుపు ఫోన్లో వచ్చినా, పెట్టేసిన వెంటనే వాట్సాప్‌లో ఇలా పంపు:

‘నమస్తే అన్నా. రేపు ఉదయం 9 గంటలకి, ఫలానా స్టూడియో, ఫలానా సినిమా రీ-రికార్డింగ్, వయొలిన్, ఒక కాల్షీట్, ఇంత మొత్తం అనుకున్నాం. ఓవర్‌డబ్, అదనపు గంటలు వేరే. పేమెంట్ ఫలానా తేదీలోపు. క్రెడిట్స్‌లో నా పేరు ఈ అక్షరాలతో వేయించగలరు. సరే అంటే ఒక మాట పెట్టండి.’

ఆయన ‘సరే’ అన్నది, బొటనవేలి గుర్తు పెట్టినా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. సెషన్ అయ్యాక అదే సందేశం కింద లోపలికి, బయటికి వచ్చిన టైములు, వాయించిన క్యూలు రాసి మళ్లీ పంపు. ఇంటినుంచి వాయిస్తే ముందు ఎంపీ3 పంపి, బాగుంది అన్నాక, డబ్బు పడ్డాక 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లు పంపు. యూనియన్ ఆఫీసుకి వెళ్లిన రోజున ఈ స్క్రీన్‌షాట్లే పట్టుకెళ్లి, పాత బాకీలకి ఇవి సరిపోతాయా అని అడుగు. వాళ్లు ఆ కాగితాలు ఎలా చూస్తారో, ఏం రాసుకుంటారో గమనిస్తే, కట్టబోయే రుసుముకి తగిన యూనియనో కాదో నీకే తెలుస్తుంది.